మొగమాట మీటరు

"కాఫీ తాగుతారా అండీ?"

"ఇప్పుడెందుకులే నాయనా."

"అలాగేనండి."

కప్పు వెనక్కి వెళ్లిపోయింది. మంచం మీద కూర్చున్న పెద్దావిడ కళ్లు ఆ కప్పుతో పాటు గుమ్మం దాకా వెళ్లాయి. వంటింటి మలుపు దాకా దాన్ని సాగనంపి, దిగాలుగా వెనక్కి వచ్చాయి.

కాకినాడలో మా వృద్ధసేవా శిక్షణాలయంలో ఆ రోజుల్లో దీనికి నూటికి నూరు మార్కులు. కాఫీ పట్టుకెళ్లిన కుర్రాడికి మార్కులు, పట్టుకెళ్లిపోయినందుకు ఇంకా మార్కులు. మా పాఠ్యప్రణాళిక ఏదో మంచు దేశం నుంచి వచ్చింది. పెద్దవాళ్ల మాటని గౌరవించాలి, వాళ్లు వద్దంటే ఆ విషయం మళ్లీ ఎత్తకూడదు అనేది అందులో మొదటి పాఠం. మంచి పాఠమే. ఆ మంచు దేశంలో 'వద్దు' అంటే వద్దనే అర్థం. మన దగ్గర మొదటి 'వద్దు'కి 'వినపడింది' అని అర్థం. రెండో 'వద్దు'కి 'ఇంకాస్త గట్టిగా అడుగు' అని అర్థం. మూడో 'వద్దు'కి 'కొంచెమే వెయ్యి' అని అర్థం. మా అభ్యర్థులు మొదటి 'వద్దు' దగ్గరే దండం పెట్టి వెళ్లిపోయేవారు. దాంతో ఊళ్లో వృద్ధాశ్రమాలన్నిటిలో వృద్ధులు ఉన్నారు గానీ వృద్ధి లేదు. జాకెట్లు వదులయ్యాయి, ఉంగరాలు జారిపోయాయి.

నా పేరు తాతబ్బాయి. పేరులోనే తాతా ఉన్నాడు, అబ్బాయీ ఉన్నాడు. వాళ్లిద్దరి మధ్య వంతెన వెయ్యమని నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. నేను చెప్పే సబ్జెక్టు మాటామంతీ. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి, చెవి వినపడని వాళ్ల దగ్గర ఎటు వైపు కూర్చోవాలి, ఇవన్నీ. నా గొంతు లౌడ్‌స్పీకరు కాబట్టి ఆఖరి పాఠంలో నాకు అనుభవం తక్కువ.

"అయ్యా, మనవాళ్లు మొగమాటానికి వద్దంటారు. రెండోసారీ మూడోసారీ అడగమని పాఠంలో రాయండి" అని నేను ప్రిన్సిపాల్‌గారికి మొరపెట్టుకున్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "మొగమాటం అంటే ఏంటండీ తాతబ్బాయిగారూ? కొలవగలరా? కొలవలేనిది కోర్సులో పెడితే కమిటీ ఊరుకోదు. వద్దన్న మనిషికి బలవంతంగా పెట్టారని రేపు ఎవరైనా కేసు వేస్తే?"

కోర్సులో కొలతకే గాని కూరకి చోటు లేదని అప్పుడు తెలిసింది.

ఈ మాట ఇంట్లో చెప్పి నవ్విద్దామనుకున్నాను. మా ఆవిడ హైమవతి నవ్వలేదు, చెయ్యి కడుక్కుని లేచి ల్యాబుకి వెళ్లిపోయింది. శరీరంలో పుట్టే చిన్నచిన్న విద్యుత్తుల్ని చదివే యంత్రాలు తయారుచెయ్యడం ఆవిడ పని. ఆవిడ ల్యాబులో, నేను ఇంట్లో లబలబలాడుతూ కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆవిడ నా మణికట్టుకి గుడ్డ పట్టీ ఒకటి కట్టింది. మధ్యలో మల్లెమొగ్గంత దీపం.

"ఏంటిది?"

"పద, గృహప్రవేశానికి టైమవుతోంది."

ఆ గృహప్రవేశం మా సహోద్యోగిది. పంక్తిలో కూర్చున్నాం. బూరెలు వచ్చాయి. మొదటివి అయిపోయాయి. వడ్డించే ఆయన మళ్లీ వచ్చి, "ఇంకోటి వెయ్యమంటారా?" అన్నాడు.

"అబ్బే, వద్దండీ, నిండిపోయింది" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ల మధ్య సందులు వదిలి, పద్ధతిగానే పెట్టాను.

అడ్డం పెట్టిన చేతి మీద ఆకుపచ్చ దీపం భగ్గున వెలిగింది.

పంక్తి అంతా చూసింది. వడ్డించే ఆయన మళ్లీ అడక్కుండానే రెండు బూరెలు వేసి, నెయ్యి కోసం గుంట చేసి మరీ వెళ్లాడు. పక్కనే హైమ నా వైపు చూడకుండా పప్పు కలుపుకుంటోంది, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆనందంతో.

నోరు వద్దన్నప్పుడు గొంతులో గుటక పడిందా, పొట్ట ముడుచుకుందా, నోట్లో నీరూరిందా అన్నది ఆ పట్టీ చర్మం మీంచి పట్టేస్తుంది. పొట్ట కావాలంటూ నోరు వద్దన్నా, ఊరుకున్నా దీపం వెలుగుతుంది. రెండూ ఒకే మాట మీద ఉంటే వెలగదు. కాగితాల్లో దానికి చాలా పొడుగు పేరు పెట్టుకుంది మా ఆవిడ. మొగమాట మీటరు అని నేను అన్నాను, ఊరు ఆ పేరే పట్టుకుంది.

ఇప్పుడు కొలత దొరికింది. కమిటీ వెంటనే ఒప్పుకుంది. ఆశ్రమాల్లో పట్టీలు కట్టారు. కాఫీ కప్పులు వెనక్కి వెళ్లడం మానేశాయి. జాకెట్లు మళ్లీ బిగుతయ్యాయి. ప్రిన్సిపాల్‌గారు హైమకి శాలువా కప్పారు. జిల్లా అంతా పట్టీలు కట్టించాలని తీర్మానం తయారవుతోంది. మా ఇంట్లో ఆవిడ 'హై'మ అయితే నేను లో-వోల్టేజి బల్బునయ్యాను. అయినా సంతోషంగానే వెలిగాను.

ఇప్పుడు మా పెద్దమ్మ గురించి చెప్పాలి.

పెద్దమ్మ పేరు సీతారత్నం. రాజమండ్రిలో ఆడపిల్లల హాస్టలుకి మేట్రన్‌గా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "తీరికెక్కడిదిరా, రోజూ అన్ని కంచాలు" అనేది. ఆవిడ భోజనాల గదిలో పంక్తి వెంట నడుస్తుంటే, కంచం పక్కకి నెట్టిన పిల్ల ఎవరైనా సరే దొరికిపోయేది. పెద్దమ్మ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చునేది. తిట్టేది కాదు. "నువ్వు తినకపోతే ఆ పనసపొట్టు కూర బాగాలేదని వంటాయన అనుకుంటాడే" అని మొదలుపెట్టేది. అక్కడి నుంచి ఎక్కడికో వెళ్లేది, కథ అయ్యేసరికి కంచం ఖాళీ.

ఆవిడ మాతోనే ఉంటుంది. మా శిక్షణాలయానికి ఇంటింటా పాఠం కావాలి, అంటే అభ్యర్థులు సాధన చెయ్యడానికి నిజమైన పెద్దమనుషులు కావాలి. పెద్దమ్మ తనే పేరిచ్చింది. పాఠ్యపుస్తకాలు ఉన్నట్టే పాఠ్యపెద్దమ్మ ఎందుకుండకూడదన్నాను నేను. "నా అట్ట మాత్రం చింపకు" అని నవ్వింది. నా శ్లేషలకి ఇంట్లో నవ్వే మనిషి ఆవిడొక్కతే.

ఆవిడ దగ్గరికి వచ్చిన అభ్యర్థి సింహాచలం. తుని దగ్గర మనిషి, నలభైకి దగ్గరలో ఉంటాడు. బస్సులు వాటంతటవే నడుస్తూ వాటంతటవే టిక్కెట్లు కొట్టుకోవడం మొదలుపెట్టాక కండక్టర్లకి ఈ కోర్సు చెప్పిస్తున్నారు. ఒళ్లు దాచుకోని మనిషి. పెద్దమ్మ మోకాళ్లకి నూనె రాస్తాడు, మంచం దుప్పటి ముడత లేకుండా లాగుతాడు. కానీ పదిహేనేళ్లు ఒక్కసారే అడిగి ముందుకు కదిలిన అలవాటు ఎక్కడికి పోతుంది. "టిఫినండీ, టిఫిను" అంటూ గదిలో ఈ గుమ్మంలోంచి వచ్చి ఆ గుమ్మంలోంచి వెళ్లిపోయేవాడు.

పెద్దమ్మ మణికట్టుకి పట్టీ కట్టాక అతని బతుకు సులువైంది. అడగడం, దీపం చూడడం, వడ్డించడం. కొన్నాళ్లకి అడగడం కూడా మానేశాడు. కంచం పట్టుకుని నిలబడి చేతి వైపు చూసేవాడు. వెలిగితే గరిట వంచేవాడు, ఆరితే తీసేసేవాడు. నెలాఖరు పరీక్షలో అతనికి తరగతిలోకెల్లా ఎక్కువ మార్కులొచ్చాయి. నేనే వేశాను.

మొదట పెద్దమ్మ కథలు తగ్గాయి. తరవాత నా శ్లేషలకి నవ్వు తగ్గింది, అది నా శ్లేషల నాణ్యత లోపమేమో అనుకున్నాను. తరవాత తిండి తగ్గింది. ఒక రోజు మజ్జిగ వద్దంది, దీపం వెలిగింది, సింహాచలం గ్లాసు నోటి దాకా తెచ్చాడు. ఆవిడ పెదవులు బిగించి మొహం గోడ వైపు తిప్పేసుకుంది. మర్నాడు అన్నం దగ్గర కూడా అంతే. దీపం పట్టపగలు వెలుగుతూనే ఉంది. ఆవిడ తినట్లేదు.

డాక్టరు ఇంటికి వచ్చి అన్నీ చూశారు. గొంతు బాగుంది, పొట్ట బాగుంది, రక్తం బాగుంది. "అన్నీ బాగున్నాయి, మనిషే బాగాలేదు. ఇలాగే ఉంటే శుక్రవారం ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి ఉంటుంది. ఈ వయసులో అది వేశాక తీసే అవకాశం తక్కువ, చెబుతున్నాను" అని వెళ్లిపోయారు.

శుక్రవారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది. ఆ సాయంత్రం వంటింట్లో హైమా నేనూ కాస్త గట్టిగానే మాట్లాడుకున్నాం. నేను మెల్లిగా మాట్లాడినా గట్టిగానే ఉంటుంది.

"ఆ దీపం పీకెయ్, హైమా."

"పీకేస్తే తింటారా? ఆకలేస్తోందని మనకి తెలుస్తున్నదే దానివల్ల. యంత్రంలో తప్పేం లేదు. ఆకలుంది, తినట్లేదు. అంటే ఇది మొగమాటం కాదు, పంతం."

"అయితే పంతం మీటరు చెయ్యి."

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టింది. కళ్లలో నీళ్లు. "నా చేత్తో నేనే కట్టానండీ ఆవిడకి ఆ పట్టీ. గొట్టం వేస్తుంటే ఆ దీపం పక్కనే వెలుగుతూ ఉంటుంది. నేను చూడలేను."

నాకు శ్లేష రాలేదు. నాకు శ్లేష రాని సందర్భాలు తక్కువ.

హైమ కళ్లు తుడుచుకుని ఇంజినీరైపోయింది. "రేపు భోజనం వేళకి ఇంకొకళ్లకి కట్టి చూస్తాను. వాళ్ల దగ్గర సరిగ్గా పనిచేస్తే యంత్రం సంగతి తేలిపోతుంది. తప్పుంటే తప్పుందని నేనే కమిటీకి చెబుతాను."

మర్నాడు మధ్యాహ్నం. పెద్దమ్మ కిటికీ పక్కన వాలుకుర్చీలో ఉంది. మాసిపోయిన కాగితంలా ఉంది. హైమ ఆవిడ చేతి పట్టీ విప్పి, "కాసేపు అత్తయ్యా, పరీక్ష చేసి ఇచ్చేస్తాను" అంది. ఆ పట్టీ తెచ్చి సింహాచలం మణికట్టుకి కట్టింది.

"నేను అడుగుతాను, మామూలుగా జవాబు చెప్పండి చాలు" అని వంకాయ కూర గిన్నె అతని ముక్కు దగ్గరికి తెచ్చింది. "సింహాచలంగారూ, అన్నం తింటారా?"

"వద్దండి. తినే వచ్చానండి, ఆయ్."

దీపం వెలిగింది. మామూలుగా వెలగలేదు. పెద్దమ్మ చేతి మీద ఎప్పుడూ అంత గట్టిగా వెలగలేదు. గదిలో గోడ మీద ఆకుపచ్చ మరక పడింది.

సింహాచలం చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"యంత్రం బాగానే ఉంది" అంది హైమ. గొంతులో సంతోషం లేదు. తప్పు యంత్రానిదేమోనన్న ఆవిడ ఆఖరి ఆశ పోయింది.

అప్పుడు వాలుకుర్చీలోంచి గొంతు వినిపించింది. చాలా రోజులకి.

"పొద్దున్నేం తిన్నావు?"

సింహాచలం ఉలిక్కిపడ్డాడు. "తిన్నానండి."

"ఏం తిన్నావని అడిగాను."

"...టీ అండి."

"రోజూ అడిగేదాన్ని నిన్ను, తిన్నావా నాయనా అని. రోజూ తిన్నానండి, తిన్నానండి. రోజూ ఇంతేనా?"

"రూలండి. సేవకెళ్లిన ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకూడదని క్లాసులో చెప్పారండి. తుని నుంచి బస్సెక్కేసరికి ఇంటికాడ పొయ్యి వెలగదండి." నా వైపు చూశాడు. "సారే చెప్పారండి."

చెప్పింది నేనే. పాఠ్యప్రణాళికలో రెండో పాఠం అది.

పెద్దమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. నేను పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. "హైమా, పీట వెయ్యి. ఆ నెయ్యి గిన్నె ఇలా తే. ఒరే తాతబ్బాయ్, అడ్డం లే."

"వద్దండి అమ్మగారూ, రూలు కాదండి."

"రూలు పక్కన పెట్టు, కంచం ముందు పెట్టుకో."

"వద్దండి, నిజంగానండి."

"చెయ్యి ముందుకి పెట్టి చెప్పు ఆ మాట."

సింహాచలం చెయ్యి ముందుకి పెట్టలేదు. కంచం ముందు కూర్చున్నాడు. పెద్దమ్మ అన్నం పెట్టింది, కూర పెట్టింది, నెయ్యి ఎక్కువే పోసింది. అతను ఒక ముద్ద కలిపి ఆగిపోయాడు.

"మీరు కూడా కూర్చోండి."

"నాకు వద్దు. నువ్వు కానీ."

సింహాచలం అలవాటు ప్రకారం ఆవిడ చేతి వైపు చూశాడు. చెయ్యి ఖాళీగా ఉంది. దీపం అతని చేతి మీదే ఉంది. అది అతని సంగతే చెబుతుంది, ఆవిడ సంగతి చెప్పదు. హైమ వైపు చూశాడు, నా వైపు చూశాడు. మాకూ తెలియదు. వేరే చూడ్డానికి ఏమీ లేక అతను తలెత్తి పెద్దమ్మ మొహం చూశాడు. ఇన్ని వారాల్లో అతను ఆవిడ మొహం అంతసేపు చూడ్డం నేను ఎరగను.

"ఒక్క ముద్దండి" అన్నాడు.

"వద్దన్నానా."

"మీరు తినకుండా నాకు దిగదండి."

"దిగుతుంది. మంచినీళ్లు తాగు."

"పోనీ మజ్జిగన్నం అండి. రెండు మెతుకులే."

"ఎందుకు నాయనా నన్ను ఇబ్బంది పెడతావు."

"మరి ఆ కూర బాగాలేదనుకుంటారండి హైమమ్మగారు."

పెద్దమ్మ అతని వైపు చూసింది. అది ఆవిడ పాత అస్త్రం. అతనికి తెలియక చేతికి తగిలింది. ఆవిడ నోరు కాస్త వంకర పోయింది, నవ్వాపుకునే వంకర.

"అంత బతిమాలుతున్నావు కాబట్టి. కొంచెమే వెయ్యి."

హైమ గోడ వైపు తిరిగిపోయింది. నేను గరిట పట్టుకుని నిలబడ్డాను, ఎందుకు పట్టుకున్నానో తెలియదు. పెద్దమ్మ తింది. మొదట మెల్లిగా, తరవాత సింహాచలం కంటే ముందుగా.

మజ్జిగ దగ్గరికి వచ్చాక హైమ అడిగింది. "అత్తయ్యా, ఆకలేస్తూ ఉండగా ఎందుకండీ తినలేదు?"

పెద్దమ్మ వేలితో ఆ పట్టీ వైపు చూపించింది. "నన్ను ఎవరు అడిగారే? నా పొట్టని అడిగారు, అది వెలిగి చెప్పింది. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే మధ్యలో నేనెందుకు? పెట్టేదేదో దానికే పెట్టుకోమన్నాను." మజ్జిగ తాగి మళ్లీ అంది: "ఈ వయసులో నాకు మిగిలిన పనేంటే? ఒకళ్లు అడుగుతారు, నేను వద్దంటాను, వాళ్లు కూర్చుంటారు. ఆ కూర్చోవడం కోసమే కదా వద్దనడం."

బతిమాలడంలోనే బతుకుంది అన్నాను నేను. ఆవిడ నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది. డాక్టరుకి ఫోన్ చేసి గొట్టం మానిపించేశాం.

కమిటీ ముందు హైమ మాట్లాడిన రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను, నోరు మూసుకుని. ప్రిన్సిపాల్‌గారు సాక్షి. ఆవిడ తన యంత్రాన్ని తనే సగం వెనక్కి తీసుకుంది. ఆశ్రమాల్లో పట్టీలు కట్టొద్దంది. పట్టీ ఉండాల్సింది శిక్షణలో, అది కూడా దీపం అభ్యర్థికి కనపడకూడదంది. వాళ్లు మొహం చూసి కావాలో వద్దో చెప్పాలి, అది సరిగ్గా చెప్పారో లేదో పరీక్ష పెట్టేవాళ్లు దీపం చూసి తెలుసుకోవాలి. ఒక పెద్దాయన అడిగారు, "అమ్మా, జిల్లా అంతా పట్టీలు కట్టించే తీర్మానం చేసుకున్నాం కదా, మీకు ఇది నష్టం కాదా?" అని. "నష్టమేనండి" అంది హైమ. అని నీళ్లు తాగి కూర్చుంది. రెండో పాఠం కూడా మారింది. సేవకెళ్లిన ఇంట్లో పెద్దవాళ్లు పెడితే ఒక పూట వాళ్లతో కూర్చుని తినొచ్చు.

సింహాచలానికి నేను వేసిన మార్కులు రద్దయ్యాయి. కొత్త పరీక్ష మొన్న మా ఇంట్లోనే జరిగింది. పెద్దమ్మ శాలువా కింద పట్టీ, దీపం హైమకీ నాకూ మాత్రమే కనపడేలా. బల్ల మీద కాజాల పళ్లెం. మళ్లీ ఒళ్లు చేసి పెద్దమ్మ కుర్చీ నిండుగా ఉంది.

"కాజా తింటారా అమ్మగారూ?" అన్నాడు సింహాచలం పక్కన కూర్చుంటూ.

"వద్దు నాయనా."

"చిన్నదండి. తాపేశ్వరం నుంచి తెప్పించారు."

"వద్దులే."

అతను మూడోసారి నోరు తెరిచాడు. తెరిచి ఆవిడ మొహం వైపు చూశాడు. ఆవిడా చూసింది. అతను నోరు మూసుకుని, పళ్లేన్ని పక్కకి జరిపి, "మీకు నిజంగానే వద్దండి. పొద్దున్న పెసరట్టు ఎక్కువైనట్టుంది. కాసేపు కూర్చుంటాను, కబుర్లు చెప్పండి" అన్నాడు.

శాలువా కింద దీపం వెలగలేదు.

హైమ ఊపిరి వదిలింది. నేను మార్కుల కాగితం మీద అంకె వేస్తుంటే, ఈసారి అది ఎంత వేసినా సరిపోదనిపించింది.

పెద్దమ్మ పళ్లేన్ని తన వైపు లాక్కుంది. "పాసయ్యావట. తీసుకో ఒకటి."

"వద్దండి" అన్నాడు సింహాచలం.

పెద్దమ్మ కుర్చీలో ముందుకి జరిగి, రెండోసారి అడిగింది.